రెండు సెంటీమీటర్ల నీళ్లు

ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోయిన మనిషిని బతికించడానికి కావలసిన సామాను ఒక చిన్న ట్రేలో పడుతుంది. లావుపాటి సూది, బ్లేడు, మొన వంపు తిరిగిన ఫోర్సెప్స్, ఒక గొట్టం, కుట్టు వేయడానికి సిల్కు దారం, అడుగున కాసిని నీళ్లు పోసిన సీసా. తిమ్మిరి ఇంజెక్షను, గ్లవుజులు ఎలాగూ ఉంటాయి. మిగతాదంతా డాక్టరు చెవి, వేలు, తెగింపు. ఇంత తక్కువ సామానుతో, ఇంత కొద్ది నిమిషాల్లో, పోతున్న ప్రాణాన్ని వెనక్కి మళ్లించే పనులు వైద్యంలో ఎన్నో లేవు. ఆ పనిని దగ్గర నిలబడి చూడాలనీ, ఒక్కో కదలిక వెనక ఉన్న ఆలోచనను చెప్పాలనీ ఈ వ్యాసం.

సంగారెడ్డి జిల్లా కోహీర్ అనగానే చాలామందికి జామకాయలు గుర్తొస్తాయి. చలికాలంలో తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదైన ఊళ్ల జాబితాలో ఈ పేరు తరచూ కనిపిస్తుంది. ఒకవైపు హైదరాబాద్ నుంచి పుణె వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి, ఇంకోవైపు వికారాబాద్ నుంచి బీదర్ పోయే రైలు మార్గం, చుట్టుపక్కల చెరకు తోటలు, ట్రాక్టర్లు. బైకు మీంచి పడటం, చెట్టు మీంచి జారడం, ట్రాలీ కింద నలగడం ఇలాంటి చోట కొత్త కాదు. ఒకప్పుడు క్షయ సోకి తగ్గినవాళ్లు, ఏళ్ల తరబడి బీడీలు కాల్చి ఊపిరితిత్తులు గుల్ల చేసుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. దెబ్బ తగలకుండానే ఛాతీలో గాలి చేరే ప్రమాదం వీళ్లకు ఎక్కువ. దగ్గరలో జహీరాబాద్ ఏరియా ఆసుపత్రి ఉంది. సంగారెడ్డిలో జిల్లా ఆసుపత్రి, 2022లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నాయి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి కావాలంటే వంద కిలోమీటర్లు పోవాలి. ఈ జబ్బు ముదిరిన రూపం వంద కిలోమీటర్ల దాకా ఆగదు. మొదట చూసిన డాక్టరే చేయాలి, ఉన్నచోటే చేయాలి. కోహీర్ వైపు నుంచి చూస్తేనే ఈ పనితనం విలువ తెలుస్తుందని నేను నమ్ముతాను.

ఊపిరితిత్తికి సొంత కండబలం లేదు. అది సాగదీసి ఉంచిన మెత్తటి కణజాలం, వదిలేస్తే ముడుచుకోవాలనే చూస్తుంది. ఛాతీ గోడ బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. ఈ రెంటినీ కలిపి పట్టి ఉంచేది రెండు పల్చటి పొరల మధ్య ఉండే కొద్దిపాటి తడి, అక్కడి తక్కువ పీడనం. బయటి గాలి కంటే అయిదారు సెంటీమీటర్ల నీటిమట్టమంత తక్కువ, అంతే. విరిగిన పక్కటెముక మొన ఊపిరితిత్తిలో గుచ్చుకున్నా, దాని పైకొనలో ఉన్న చిన్న గాలిబుడగ దానంతటదే చిట్లినా, ఆ పొరల మధ్యకు గాలి చొరబడుతుంది. పట్టు తప్పుతుంది. ఇదే న్యూమోథొరాక్స్. పొడుగ్గా సన్నగా ఉండే కుర్రాళ్లకు ఏ దెబ్బా లేకుండా, కూర్చున్నచోటే ఇది రావచ్చు. క్షయ రోజుల్లో ఛాతీలో గాలి అంటే క్షయే అనుకునేవారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ ఇది వస్తుందని 1932లో డెన్మార్క్ డాక్టరు క్యార్‌గార్డ్ నిరూపించాడు.

చాలామందిలో ఇది నొప్పితో, కాస్త ఆయాసంతో ఆగుతుంది. కొందరిలో మాత్రం చిల్లు దగ్గరి కణజాలం కవాటంగా మారుతుంది. పీల్చినప్పుడు గాలి లోపలికి పోతుంది, వదిలినప్పుడు బయటికి రాదు. ఊపిరి ఊపిరికీ ఒత్తిడి పెరిగి, గుండెను అవతలి పక్కకు నెట్టి, దానికి రక్తం తెచ్చే పెద్ద సిరలను నొక్కేస్తుంది. రక్తం అందని గుండె ఎంత వేగంగా కొట్టుకున్నా బీపీ నిలబడదు. దీన్ని టెన్షన్ న్యూమోథొరాక్స్ అంటారు. ఇది మనిషిని చంపేది ఊపిరాడక మాత్రమే కాదు, రక్తం తిరగక కూడా.

బైకు మీంచి పడ్డ ఒక కుర్రాణ్ణి కోహీర్ నుంచి తెచ్చారనుకుందాం. "దమ్ము ఆడ్తలేదు సార్" అంటున్నాడు, అదీ మాట మాటకూ ఆగి. పనితెలిసిన డాక్టరు మొదట చొక్కా కత్తిరించి, మంచం కాళ్లవైపు నిలబడి, రెండు పక్కలనూ కలిపి చూస్తాడు. ఒక పక్క లేచి దిగుతోంది. రెండో పక్క ఉబ్బి ఉంది, కదలడం లేదు. మెడ మీది సిరలు తేలాయా, గొంతు గుంటలో వేలు ఆనిస్తే శ్వాసనాళం నడిమధ్యనే ఉందా, చర్మాన్ని నొక్కితే కింద గాలి చిటపటమంటోందా, ఇవన్నీ చూడటానికి పట్టేది సెకన్లే. తర్వాత ఎడమచేతి నడిమి వేలు ఛాతీకి ఆనించి, కుడిచేతి నడిమి వేలితో దాని మీద తడతాడు. గాలి నిండిన పక్క డొల్లగా మోగుతుంది. స్టెతస్కోపు పెడితే అదే పక్క ఊపిరి చప్పుడు ఉండదు.

తట్టి చూసే ఈ పద్ధతిని 1761లో లియోపోల్డ్ ఆయెన్‌బ్రుగ్గర్ అనే వియన్నా డాక్టరు పుస్తకంగా రాశాడు. ఆయన సత్రం నడిపేవాడి కొడుకు. పీపాను తట్టి లోపల సరుకు ఎంతవరకు ఉందో చెప్పే విద్య ఇంట్లోనే చూశాడంటారు. 1816లో స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి డాక్టరు లేనెక్, 1819లో వేసిన పుస్తకంలో ఛాతీలో చేరిన గాలి లక్షణాలను విడమరిచాడు. చప్పుడు లేకపోవడం, తడితే డొల్లగా మోగడం అనే రెండు గుర్తులను పక్కపక్కన పెట్టి చదవడంలోనే ఇప్పటికీ రోగ నిర్ధారణ ఉంది. ఒక్క గుర్తును నమ్మితే మోసపోతాం. ఛాతీలో రక్తం చేరినా చప్పుడు ఉండదు, అయితే తడితే మొద్దుగా పలుకుతుంది. కఫం అడ్డుపడి ఊపిరితిత్తి ముడుచుకున్నా చప్పుడు ఉండదు, మోత మొద్దుగానే ఉంటుంది, పైగా శ్వాసనాళాన్ని తనవైపే లాక్కుంటుంది. టెన్షన్‌లో అది అవతలికి జరుగుతుంది. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టిన రోగికి ఎడమ పక్క చప్పుడు లేకపోతే, గొట్టం మరీ లోతుకు దిగి కుడి ఊపిరితిత్తికే గాలి పోతోందేమోనని ముందు చూడాలి. శ్వాసనాళం జరగడం ఆలస్యంగా కనిపించే గుర్తు, కొందరిలో కనిపించదు కూడా. రక్తం బాగా పోయినవాడికి మెడ సిరలు తేలవు. పుస్తకంలో ఉన్న అన్ని లక్షణాలూ వచ్చేదాకా ఆగితే రోగి దక్కడు.

అందుకే టెన్షన్ అని అనుమానం వచ్చి, బీపీ పడిపోతున్న రోగిని ఎక్స్‌రేకు పంపరు. తన చెవినీ వేలినీ నమ్మి, ఫిల్ము చూడకుండా మనిషి ఛాతీలో సూది దించడానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి. ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించేది ఆ క్షణాన్నే.

రోగి నిలకడగా ఉంటే ఎక్స్‌రే తీసే వ్యవధి ఉంటుంది. అందులో ఊపిరితిత్తి అంచు సన్నటి తెల్లటి గీతగా కనిపిస్తుంది, దాని బయట రక్తనాళాల జాడ ఉండదు. చర్మం ముడత కూడా అలాంటి గీతే గీసి మోసం చేయగలదు. బీడీలు కాల్చి కాల్చి ఊపిరితిత్తిలో పెద్ద గాలితిత్తి ఏర్పడినవాళ్ల ఫిల్ము ఇంకా ప్రమాదం. దాన్ని న్యూమోథొరాక్స్ అనుకుని గొట్టం దించితే లేని చిల్లు మనమే పెట్టినట్టు.

ఈ మధ్య కాలంలో చేతికి వచ్చిన మంచి పరికరం అల్ట్రాసౌండ్. పక్కటెముకల సందులో ప్రోబ్ పెడితే ఊపిరితిత్తి పొర ఛాతీ గోడ పొర మీద అటూ ఇటూ జారుతూ కనిపిస్తుంది. మధ్యలో గాలి చేరితే ఆ జారుడు కనిపించదు. ఈ సంగతి మొదట 1986లో గుర్రాల వైద్యంలో రాశారు. 1995లో ఫ్రాన్స్‌లో లిక్టెన్‌స్టెయిన్ మనుషుల్లో నిరూపించాడు. ప్రోబ్‌ను పక్కకు జరుపుకుంటూ పోతే ఒకచోట జారుడు ఒక ఊపిరికి కనిపించి మరో ఊపిరికి మాయమవుతుంది. ఊపిరితిత్తి ఛాతీ గోడను తాకే సరిహద్దు అది. అది దొరికిందంటే ఇక సందేహం లేదు.

సూది సంగతి. రొమ్ము ఎముక పైభాగాన వేలికి ఒక గట్టు తగులుతుంది. దాని పక్కనున్నది రెండో పక్కటెముక. దాని కింద సందులో, కాలర్ ఎముక మధ్య నుంచి గీసిన నిట్టనిలువు గీత మీద, 14 గేజ్ సూదిని దించాలన్నది చాలాకాలం నేర్పిన పాఠం. అక్కడ కండ మందంగా ఉన్నవాళ్లలో మామూలు అయిదు సెంటీమీటర్ల సూది లోపలిదాకా చేరడం లేదని తేలింది. దాంతో 2018లో వచ్చిన ఏటీఎల్ఎస్ (గాయాల అత్యవసర వైద్యం నేర్పే శిక్షణ) పాఠ్యం పెద్దవాళ్లకు చోటు మార్చింది. చంక మధ్యగీతకు కాస్త ముందు, నాలుగో సందు లేదా అయిదో సందు. పిల్లలకు పాత చోటే. ఎక్కడ దించినా ఒక నియమం మారదు, కింది ఎముక పై అంచును ఆనుకునే వెళ్లాలి. ప్రతి పక్కటెముక కింది అంచున సిర, ధమని, నరం కలిసి నడుస్తాయి. సూది దిగగానే బుస్సుమని గాలి వస్తుంది. నాడి అందుతుంది, బీపీ లేస్తుంది. అయితే సూది ఇచ్చింది కాస్త వ్యవధి మాత్రమే. అది మెలిక తిరుగుతుంది, మూసుకుపోతుంది. ఆ వ్యవధిలో అసలు పని చేయాలి, ఛాతీలో గొట్టం వేయాలి.

ఆసుపత్రుల్లో దీన్ని ఐసీడీ (ఇంటర్‌కోస్టల్ డ్రెయిన్) వేయడం అంటారు, రోగి బంధువులు "పక్కకు పైపు ఏసిండ్రు" అంటారు. రోగిని కాస్త ఎత్తుగా పడుకోబెట్టి, ఆ పక్క చేతిని తల వెనక్కి పెట్టిస్తారు. చంక కింద ఒక త్రిభుజం తేలుతుంది. ముందువైపు రొమ్ము కండరం అంచు, వెనకవైపు వీపు కండరం అంచు, కింద చనుమొన ఎత్తున అడ్డగీత. దీనికి సేఫ్టీ ట్రయాంగిల్ అని పేరు. అక్కడ దాటాల్సిన కండ తక్కువ, కాలేయం, ప్లీహం దూరంగా ఉంటాయి. కిందికి దిగితే డయాఫ్రమ్ దాటి కడుపులోకి పోయే ప్రమాదం ఉంది. నిండా వదిలిన ఊపిరితో డయాఫ్రమ్ చనుమొన ఎత్తుదాకా రాగలదని మంచి సర్జన్ మరచిపోడు.

లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ చర్మానికి ఇస్తే చాలదు. ఎముక పొరకూ, లోపలి ఛాతీ పొరకూ ఇవ్వాలి, నొప్పి తెలిసేది అక్కడే. మెలకువగా ఉన్న రోగికి ఈ పని చేస్తున్నారని గుర్తుంచుకోవాలి. తొందర లేనప్పుడు మందు పట్టేదాకా ఓపిక పట్టే డాక్టరే మంచి పనివాడని నా అభిప్రాయం. తర్వాత ఎముకకు సమాంతరంగా రెండు మూడు సెంటీమీటర్ల కోత. బ్లేడు పని అక్కడితో సరి, దాన్ని పక్కన పెట్టేస్తారు. ఇకపై కోయడం ఉండదు, విడదీయడమే. ఫోర్సెప్స్‌ను మూసి కండరంలోకి దించి, తెరిచి, వెనక్కి తీసి, మళ్లీ దించుతూ దారి చేసుకుంటారు. మొన కింది ఎముకకు తగులుతుంది. దాని పై అంచు మీదుగా జరిపి, చెయ్యి ఛాతీకి ఆనించి బిగపట్టి, ఒక్క తోపు. చెయ్యి ఆనించకపోతే పొర తెగిన ఊపుకు ఫోర్సెప్స్ ఊపిరితిత్తిలోకి దూసుకుపోతుంది. బలం, నిగ్రహం రెండూ ఒకే చేతిలో ఒకే క్షణాన ఉండాల్సిన చోటు ఇది. ఫోర్సెప్స్‌ను విప్పి పట్టుకుని బయటికి తీస్తుంటే గాలి ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది.

అప్పుడు వేలు. గ్లవుజు వేసిన చూపుడు వేలు ఆ దారిన లోపలికి పోయి చుట్టూ తిరుగుతుంది. ఊపిరితిత్తి గోడకు అతుక్కుని ఉందా, తాను వచ్చింది ఛాతీలోకేనా అని తడిమి తెలుసుకుంటుంది. ఊపిరి పీల్చినప్పుడు విచ్చుకున్న ఊపిరితిత్తి వచ్చి వేలికొనకు తాకుతుంది. బతికున్న మనిషి ఊపిరిని వేలితో తాకే అవకాశం మరే పనిలో ఉంటుంది? మొనదేలిన ఇనుప చువ్వతో గొట్టాన్ని గుచ్చి తోసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. అవయవాలకు గాయాలవుతాయని దాన్ని చాలావరకు వదిలేశారు. ఏ యంత్రమూ లేనిచోట వేలు చెప్పే సంగతులను ఆ చువ్వ చెప్పలేదు. వేలు తీస్తూ, ఫోర్సెప్స్ కొనకు పట్టించిన గొట్టాన్ని పైకీ వెనక్కీ నడిపిస్తారు. గొట్టం పక్కల ఉన్న రంధ్రాలన్నీ లోపలికి వెళ్లాయో లేదో చూసుకుంటారు. ఒక్క రంధ్రం బయట మిగిలినా చేసిందంతా వృథా. సిల్కు దారంతో గొట్టాన్ని చర్మానికి కట్టేస్తారు.

ఆ గొట్టం రెండో కొసను నీళ్లలో ముంచడం జర్మన్ డాక్టరు బ్యూలావ్ ఆలోచన. 1875లో హాంబుర్గ్‌లో ఆయన ఛాతీలోని చీము తీయడానికి ఇది మొదలుపెట్టాడు. గొట్టం కొన నీటిమట్టానికి రెండు సెంటీమీటర్ల కిందికి ఉండాలి. లోపలి గాలికి ఆ రెండు సెంటీమీటర్ల బరువును నెట్టగల ఒత్తిడి ఉంటే చాలు, బుడగలై బయటపడుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ వెనక్కి లాగుతుంది, అయితే వచ్చేది గాలి కాదు, గొట్టంలో కాస్త ఎత్తు ఎక్కే నీళ్లు. సీసా రోగి ఛాతీ కంటే బాగా కిందున్నంత వరకు ఆ నీళ్లు పైదాకా చేరలేవు. గొట్టాన్ని పది సెంటీమీటర్లు ముంచితే నీరసించిన రోగి గాలిని బయటికి నెట్టలేడు. పైపైన ముంచితే సీసా కాస్త ఒరిగినా బయటి గాలి లోపలికి పోతుంది. అందుకే రెండు సెంటీమీటర్లు. కదిలే భాగం ఒక్కటీ లేని కవాటం ఇది. స్ప్రింగు లేదు, రబ్బరు లేదు, పాడైపోయేదేమీ లేదు. నూట యాభై ఏళ్లుగా గాజు సీసా ప్లాస్టిక్ బ్యాగుగా మారింది కానీ సూత్రం మారలేదు.

పైగా అది మాట్లాడుతుంది. ఊపిరితో పాటు నీళ్లు గొట్టంలో ఎక్కి దిగుతుంటే దారి తెరిచి ఉన్నట్టు. బుడగలు వస్తుంటే చిల్లు ఇంకా మానలేదన్నట్టు. దగ్గినప్పుడు మాత్రమే బుడగ వస్తే మానుతోందన్నట్టు. నీళ్లు కదలడం మానేస్తే రెండర్థాలు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని ఉండాలి, లేదా గొట్టం మడతపడో రక్తం గడ్డకట్టో మూసుకుపోయి ఉండాలి. అది తేల్చడానికి రోగి ముఖం, ఎక్స్‌రే చూడాలి. రాత్రి డ్యూటీ నర్సు టార్చి వేసి మొదట చూసేది ఆ నీళ్లనే.

1995 మేలో హాంకాంగ్ నుంచి లండన్ వెళ్తున్న విమానంలో జరిగిన ఉదంతాన్ని డాక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎయిర్‌పోర్టుకు వస్తూ మోటారు సైకిలు మీంచి పడిన ఒక ప్రయాణికురాలికి ఆకాశంలో ఊపిరాడలేదు. విమానంలో గాలి పీడనం తగ్గి, ఛాతీలో చిక్కుకున్న గాలి మరింత వ్యాకోచించింది. నాటింగ్‌హామ్ ఎముకల సర్జన్ ఆంగస్ వాలెస్, మరో యువ డాక్టరు కలిసి మూత్రం గొట్టంలో కోటు హ్యాంగరు తీగ దూర్చి గట్టిపరచి, బ్రాందీతో శుద్ధి చేసి, ఆమె ఛాతీలోకి దించారు. రెండో కొసను మంచినీళ్ల సీసాలో ముంచారు. ఆమె కోలుకుంది. అందరూ హ్యాంగరు గురించీ బ్రాందీ గురించీ చెబుతారు. నాకు ముఖ్యంగా కనిపించేది నీళ్ల సీసా. బ్యూలావ్ సూత్రం ఒంటబట్టినవాడికే ఆ సీసా కవాటంగా కనిపిస్తుంది.

జహీరాబాద్‌లో గొట్టం వేసి పెద్ద ఆసుపత్రికి పంపాల్సి వస్తే 108 ప్రయాణం కూడా ఈ పనిలో భాగమే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ అంతకుముందు జీపుల్లో, ఆటోల్లో జరిగిన ప్రయాణాలకు ఆక్సిజన్‌ను జోడించింది. దారిలో చూసుకోవాల్సినవి కొన్నే. బ్యాగు ఎప్పుడూ ఛాతీ కంటే కిందనే ఉండాలి. స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు దాన్ని రోగి పొట్ట మీద పెట్టే అలవాటు మంచిది కాదు. బుడగలు వస్తున్న గొట్టానికి క్లాంపు పెట్టకూడదు, పెడితే టెన్షన్ మళ్లీ మొదలవుతుంది. గొట్టం వేయకముందు, ఛాతీకి తెరుచుకున్న గాయం ఉంటే దాని మీద ప్లాస్టిక్ పెట్టి మూడు పక్కలే అంటించాలి. నాలుగో పక్క గాలి బయటికి పోవడానికి. గుచ్చుకున్న కత్తిని, చువ్వను లాగకూడదు. మనిషిని కూర్చోబెట్టగలిగితే కూర్చోబెట్టడం మేలు.

ఇంత చేయడం తెలిసినవాళ్లే ఎప్పుడు చేయకూడదో కూడా తేల్చి చెప్పారు. దెబ్బ లేకుండా మొదటిసారి న్యూమోథొరాక్స్ వచ్చి, నిలకడగా ఉన్న 316 మందితో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చేసిన పరిశోధన 2020లో అచ్చయింది. గొట్టం వేయకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో నూటికి 15 మందికే తర్వాత ఏదైనా చేయాల్సి వచ్చింది. గాలిని శరీరమే నెమ్మదిగా పీల్చుకుంటుంది, రోజుకు ఆ పక్క ఛాతీ పరిమాణంలో ఒకటింబావు శాతం చొప్పున. ఆక్సిజన్ పెడితే ఆ వేగం పెరుగుతుంది. టెన్షన్‌లో ఒక్క నిమిషం ఆగని చేయే ఇక్కడ వారాల తరబడి ఆగాలి.

తెలుగు నేల మీద ఛాతీలోని ఈ చోటును బాగా ఎరిగిన వైద్యులు ఒకప్పుడు సరిగ్గా దీనికి ఎదురు పని చేశారు. క్షయ పట్టిన ఊపిరితిత్తికి విశ్రాంతినిస్తే పుండు మానుతుందని ఇటలీ డాక్టరు ఫోర్లానినీ 1882లో సూచించాడు. ఛాతీలోకి కావాలనే గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడిచే వైద్యం అలా వచ్చింది. మదనపల్లె దగ్గర 1915లో తెరిచిన ఆరోగ్యవరం శానిటోరియంలో, డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ హయాంలో, ఈ వైద్యం జరిగేది. సూది రెండు పొరల మధ్యే ఉందని తెలిసేది దానికి తగిలించిన నీటి మానోమీటర్ వల్ల. ఊపిరితో నీళ్లు ఎక్కి దిగితేనే గాలి వదిలేవారు. ఈనాటి ఐసీడీ సీసాలో నర్సు చూసేదీ అదే కదలిక. కోహీర్ నుంచి రైలెక్కి వికారాబాద్‌లో దిగితే అనంతగిరి కొండల మీద నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి ఉంది. స్ట్రెప్టోమైసిన్, ఆ తర్వాతి మందులు వచ్చాక గాలి ఎక్కించే వైద్యం మూలపడింది.

ఆ వైద్యానికి పెద్ద అడ్డంకి అతుకులు. క్షయవల్ల రెండు పొరలూ అక్కడక్కడా అంటుకుపోయినవాళ్లలో ఊపిరితిత్తి ముడుచుకునేది కాదు. 1910లో స్వీడన్ డాక్టరు జాకోబియస్ ఛాతీలోకి చిన్న దుర్బీను పంపి చూడటం మొదలుపెట్టి, కొన్నేళ్లకే దాని సాయంతో ఆ అతుకులను తెంచాడు. ఇవాళ న్యూమోథొరాక్స్ తిరగబెట్టినవాళ్లకు సర్జన్లు అదే తరహా దుర్బీనుతో వెళ్లి చిట్లే బుడగను కత్తిరించి, పొరలను గీరో, టాల్కు పొడి చల్లో, కావాలనే అతుకులు పుట్టిస్తారు. టాల్కు చల్లాక ఒకట్రెండు రోజులు జ్వరం, నొప్పి మామూలే. ఆ తర్వాత ఆ పక్క మళ్లీ గాలి చేరడం అరుదు, చేరడానికి పొరల మధ్య చోటు మిగలదు.